చిలక పెట్టిన అలారాలు

డిటెక్టివ్ ఆ గది గుమ్మంలో అడుగుపెట్టేసరికి లోపల కుర్చీలో ఆమె పాత శిష్యుడు కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. పొద్దున్నే ఆ మొహం చూడాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు. తన దగ్గర పని నేర్చుకుని, తన వెనకాలే ఎండలో వానలో తిరిగి, ఒకరోజు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయి సొంత దుకాణం తెరిచినవాడు అతను. పిల్లల ఫోన్లలో కంటికి కనబడని నిఘా యాప్‌లు వేసిపెట్టడం అతని వ్యాపారం. తల్లిదండ్రులు ముద్దుగా యాప్ డాక్టర్ అంటారు. ఆమెకి రావలసిన కేసుల్లో సగం ఆ డాక్టరే మింగేశాడు. ఆ కడుపుమంట ఆమెకి ఉంది, లేదని బుకాయించే మనిషి కాదు.

"మీరూ వచ్చారా మేడమ్," అన్నాడు లేవకుండానే. "ఇంకా కాలినడకనే తిరుగుతున్నారా?"

"లే. అది అమ్మాయి కుర్చీ," అంది డిటెక్టివ్. "దాని మీద ఏదైనా ఆనవాలు ఉంటే ఈపాటికి నీ ప్యాంటుకి అంటుకుని ఉంటుంది. కూర్చునే ముందు చూడమని నీకు ఎన్నిసార్లు చెప్పాను?"

అతను లేచాడు. కాస్త ఆలస్యంగా లేచాడు గానీ లేచాడు.

తలుపు పక్కన అమ్మాయి తండ్రి నిలబడి ఉన్నాడు. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే మాస్టారు. రాత్రంతా కన్ను మూయలేదని మొహమే చెబుతోంది. మాట్లాడుతున్నంతసేపూ అతని కుడికాలు నేలని అదిమి అదిమి వదులుతోంది. పక్క సీట్లో కూర్చుని కొత్తవాళ్ళ చేతుల్లో ప్రాణాలు పెట్టి బతికే మనిషి కాలు అది, కంగారు పడితే బ్రేకు వెతుక్కుంటుంది.

"మొదట్నుంచి చెప్పండి మాస్టారూ. పోలీసులకి చెప్పినట్టు కాదు, జరిగింది జరిగినట్టు."

"నిన్న సాయంత్రం ట్యూషన్‌కి బయల్దేరింది మేడమ్. చీకటి పడేసరికి వచ్చెయ్యాలి. నేను ఒకాయనకి రివర్సు నేర్పుతూ మధ్యలో నా ఫోన్ చూసుకున్నాను. మ్యాపులో చుక్క మా ఇంటి మీదే ఉంది. వచ్చేసింది కదా అని నిమ్మళంగా ఇంకో క్లాసు కూడా తీసుకున్నాను." అతను టేబుల్ వైపు చూశాడు. "ఇంటికొచ్చి చూస్తే ఫోను టేబుల్ మీదుంది. పిల్ల లేదు. అసలు ట్యూషన్‌కే వెళ్ళలేదట."

"చుక్కని చూసి, పిల్లని చూసినట్టే అనుకున్నారు."

"అవునండీ," అన్నాడు మాస్టారు. ఆ ఒక్క మాటకే అతని తల వంగిపోయింది.

పదహారేళ్ళ పిల్ల. ఇంట్లో పేరు చిలక. మాటలు వచ్చిన రోజు నుంచీ నోరు మూసేది కాదట, అందుకని ఆ పేరు. ఐదేళ్ళ కిందట భార్యాభర్తలు పోట్లాడుకుని తల్లి వెళ్ళిపోయాక, పేరు మిగిలింది గానీ మాటలు సగం పోయాయి. పోలీసులు రాత్రి ఫిర్యాదు రాసుకుని, ఎవరైనా కుర్రాడితో వెళ్ళిందేమో చూడమని తండ్రికే పని అప్పగించి వెళ్ళారు.

"కుర్రాడెవరూ లేడు," అన్నాడు యాప్ డాక్టర్. "మెసేజ్‌లు, కాల్స్, ఫోటోలు అన్నీ నా యాప్‌లో రికార్డు అవుతాయి. కడిగిన ముత్యంలా ఉంది పిల్ల. యాప్ ఉందని తెలిస్తే జాగ్రత్త పడేది. తెలిసే అవకాశమే లేదు. బొమ్మ కనబడదు, పేరు కనబడదు. దాన్ని కనిపెట్టడం ఎవరి తరమూ కాదు."

"ఎవరి తరమూ కాదా?"

"నేనిచ్చే గ్యారంటీయే అది."

డిటెక్టివ్ గది నాలుగువైపులా కలయజూసింది. నేల మీద ఇస్త్రీపెట్టె, వైరు చుట్టకుండా అలాగే ఉంది. మంచం మీద రెండు డ్రెస్సులు, వేసుకుని చూసి విప్పేసినవి. అద్దం కింద సొరుగు సగం తెరిచి ఉంది, అందులో పాత రిబ్బన్ల డబ్బా మూత ఊడి ఉంది.

"పాప ఇప్పుడు రిబ్బన్లు కడుతుందా?"

"ఇప్పుడెందుకు కడుతుందండీ, కాలేజీ పిల్ల." మాస్టారు డబ్బా వైపు చూసి ఆగిపోయాడు. "చిన్నప్పుడు రెండు జడలు వేసుకునేది. వాళ్ళమ్మ వేసేది."

"మీరు వచ్చేసరికి ఫోను ఎలా ఉంది? ఉత్తగా పడేసి ఉందా?"

"ఛార్జింగ్‌లో పెట్టి ఉంది."

డిటెక్టివ్‌కి ఆ మాట పట్టుకుంది. నిఘా తప్పించుకోవాలని ఫోను వదిలేసే పిల్ల దాన్ని ఛార్జింగ్‌లో పెట్టి వెళ్ళదు. ఈ పిల్ల ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చిన్నప్పటి జడలు వేసుకుని, వెళ్తూ వెళ్తూ ఫోనుకి ఆకలి తీర్చి మరీ వెళ్ళింది.

ఆమె మంచం అంచున కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని ఫోను తీసుకుంది. తండ్రి ఫోను కూడా అడిగి పక్కన పెట్టుకుంది. యాప్ డాక్టర్ నవ్వుతూ గోడకి ఆనుకున్నాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"ఇదిగో, ఛార్జింగ్ ఎవరు తింటున్నారో ఫోను తనే చెబుతోంది. అందరికంటే పైన 'సిస్టమ్ సర్వీస్'. పాటలు వినదు, బొమ్మలు చూడదు, దీనికింత తిండి ఎందుకు?" వేలితో పేజీ జరిపింది. "ఇది అనుమతుల పేజీ. ఎక్కడుందో తెలుసుకునేది, మైకు వినేది, స్క్రీను చదివేది, అన్నీ ఆ ఒక్క పేరు మీదే. ఇక్కడ చూడు, చెడ్డ యాప్‌లని పట్టుకునే కాపలాని ఎవరో ఆపేసి పెట్టారు. కళ్ళజోడు లేకపోతే నాకు అక్షరాలు ఆనవు. నాకే ఇంతసేపట్లో దొరికితే ఆ పిల్లకి ఎంతసేపు?"

"వెతికితే దొరుకుతుంది మేడమ్. వెతకాలని ఎవరికి తోస్తుంది?"

"తోచింది. పోయిన నెల నీ రిపోర్టు ఒకరోజు రాలేదు. మాస్టారి ఫోన్లో ఆ రోజు ఖాళీగా ఉంది."

"ఫోను అప్‌డేట్ అయింది. మర్నాడు దానంతటదే వచ్చేసింది."

"దానంతటదే రాదు. ఆ అప్‌డేట్ నీ యాప్‌ని నిద్రపుచ్చింది. దీన్ని నిద్రపుచ్చొద్దు అని ఎవరో చేత్తో మార్చారు. మార్చిన గుర్తు ఇక్కడే ఉంది. నువ్వు మార్చావా?"

"నేను ఫోను మళ్ళీ చూడనేలేదు."

"మాస్టారూ, మీరు?"

"నేను దాని ఫోను ముట్టుకోనండీ. ముట్టుకుంటే అనుమానం వస్తుందని భయం."

"అయితే మార్చింది చిలకే. తెలిసి ఊరుకోవడం కాదు, అది పడుకుంటే లేపి కూర్చోబెట్టింది."

యాప్ డాక్టర్ పకాలున నవ్వాడు. "నిఘా కావాలని కోరుకునే పిల్లలు ఉంటారా మేడమ్?"

ఉంటారని డిటెక్టివ్‌కి తెలుసు. పినతల్లి ఇంట్లో పెరిగిన మనిషి ఆమె. పదహారేళ్ళ వయసులో ఎంత ఆలస్యంగా వచ్చినా ఎందుకు ఆలస్యమైందని అడిగేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. ఒక్కసారి ఎవరైనా గుమ్మంలో నిలబడి తిడితే బాగుండునని వీధి చివర కావాలని నిలబడిపోయిన సాయంత్రాలు ఆమెకి ఇప్పటికీ గుర్తే. వీడికి అవన్నీ చెప్పడం దండగ.

ఆమె మాస్టారి వైపు తిరిగింది. "మీ కారులో మీ వైపు కూడా బ్రేకు ఉంటుంది కదా. మీరు దాని మీద కాలు వేస్తే పక్కన నేర్చుకునేవాళ్ళకి తెలుస్తుందా?"

"తెలుస్తుందండీ. రెండూ కలిసే ఉంటాయి. నేను నొక్కితే వాళ్ళ కాలి కింద పెడల్ కూడా దిగుతుంది." చెప్పి, తను చెప్పింది తనకే వినబడినట్టు ఆగిపోయాడు.

"భయపడతారా?"

"కొత్తలో ఉలిక్కిపడతారు. తర్వాత ధైర్యంగా నడుపుతారు. పక్కన మనిషి ఉన్నాడని."

"ఈ ఫోను కొన్నదెవరు?"

మాస్టారు గొంతు తగ్గించాడు. "వాళ్ళమ్మ. కాలేజీలో చేరినప్పుడు వాళ్ళ తమ్ముడి చేత పంపింది. పిల్లకి ఇచ్చేముందు ఒకపూట ఈయన దగ్గరికి తీసుకెళ్ళాను."

అదీ సంగతి. తండ్రి వేయించాడని చిలక అనుకోలేదు. అమ్మ పంపిన ఫోన్లో దాక్కుని ఒక కన్ను ఉంటే అది అమ్మదే అనుకుంది. అమ్మ వెళ్ళిపోయిన కొత్తలో ఆవిడ ఫోన్ చేస్తే ఈ పిల్ల ఫోను విసిరికొట్టిందని తండ్రి రాత్రి ఆమెకి ఫోన్ చేసినప్పుడే చెప్పాడు. ఆ తర్వాత తల్లి చెయ్యలేదు, కూతురు అడగలేదు. ఇద్దరిదీ ఒకటే రక్తం, ఒకటే పంతం. పంతం పట్టినవాళ్ళు మాట్లాడుకోరు గానీ ఒకరినొకరు చూసుకోవాలని చచ్చేంత కోరిక ఉంటుంది.

"తనని అమ్మ చూస్తోందని అనుకునే పిల్ల అమ్మతో మాట్లాడకుండా ఉండదు," అంది డిటెక్టివ్. "మెసేజ్ పంపితే ముందు మాట్లాడింది తనే అవుతుంది, పంతం పోతుంది. పంపకుండా చెప్పాలి. ఎవరికీ వెళ్ళనిదై ఉండాలి, చూసేవాళ్ళకి మాత్రం కనబడాలి."

ఆమె డైరీలాంటివి చూసింది, ఖాళీ. పంపని మెసేజ్‌లు, ఖాళీ. చివరికి గడియారం తెరిచింది. అలారాల వరస కిందికి జరుపుతున్నకొద్దీ వస్తూనే ఉంది. అన్నీ ఆపేసి ఉన్నాయి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క పేరు పెట్టి ఉంది.

'అమ్మా, ఇవాళ ఫిజిక్స్ పరీక్ష.'

'అమ్మా, ఒళ్ళు కాలిపోతోంది. నాన్నకి చెప్పలేదు, క్లాసులు మానేసి కూర్చుంటాడు.'

'అమ్మా, నువ్వు చూస్తున్నావని నాకు తెలుసు. చూస్తూ ఉండు.'

డిటెక్టివ్ ఒక్కొక్కటే తాకి చూసింది. మధ్యమధ్యలో కొన్ని వేరే రకం ఉన్నాయి. అవి ఫోన్లోంచి పెట్టినవి కావు, యాప్‌లోంచి వచ్చినవి.

"ఇదేమిటి?"

"తల్లిదండ్రులు దూరం నుంచి అలారం పెట్టొచ్చు మేడమ్," అన్నాడు యాప్ డాక్టర్, ఇప్పుడు గోడకి ఆనుకోకుండా నిలబడి. "పడుకో, చదువుకో అని. దాన్నెవరూ వాడరు."

"వాడారు." ఆమె చదివింది. "'బాగా రాయి తల్లీ.' పరీక్ష రోజు పొద్దున మోగింది. 'ఫ్రిజ్ మీద డబ్బాలో తెల్ల మాత్ర వేసుకో తల్లీ.' ఇది జ్వరం రోజు." తలెత్తింది. "మాస్టారూ, ఆ ఫ్రిజ్ ఎప్పుడు కొన్నారు?"

"రెండేళ్ళయింది," అన్నాడు మాస్టారు. అతని కుడికాలు కదలడం మానేసింది.

"అంటే వాళ్ళమ్మ వెళ్ళాక కొన్నారు. దాని మీద మందుల డబ్బా ఉందని ఆవిడకి తెలిసే దారి లేదు. రాసింది మీరు."

"తిడతారని చెప్పలేదు మేడమ్," అన్నాడు. "మొదటిసారి నా ఫోన్లో ఆ 'అమ్మా' చదివినప్పుడు నాకు ఊపిరాడలేదు. నేనే చూస్తున్నానని చెబితే రాయడం మానేస్తుంది. ఊరుకుంటే, జవాబు రాలేదని కుమిలిపోతుంది. ఒక్కసారికే అనుకున్నాను. మర్నాడు పొద్దున్న అది స్నానాల గదిలో పాట పాడుకుంది. ఎన్నేళ్ళయిందో దాని పాట విని. ఇంక ఆపలేకపోయాను." అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. "నాతో మాట్లాడదు. నేను వాళ్ళమ్మనైతేనే మాట్లాడుతోంది. పోనీలే, ఏ పేరు మీదైతేనేం, నాతోనే కదా అనుకున్నాను."

ఆ మాటకి యాప్ డాక్టర్ కూడా నేల చూశాడు.

డిటెక్టివ్ చివరి అలారం దగ్గరికి వచ్చింది. మొన్నటిది. "ఇది కూడా మీరేనా? 'బంగారం, రేపు సాయంత్రం పాత బస్టాండు వెనక గేటు దగ్గరికి రా. నిన్ను చూడకుండా ఉండలేను. ఫోను ఇంట్లోనే ఛార్జింగ్‌లో పెట్టి రా. నాన్నకి చెప్పకు.'"

మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను కాదు. నేనెప్పుడూ రమ్మని రాయలేదు. మొన్నటిది నేను చూడనైనా లేదు, క్లాసుల్లో ఉన్నాను. ఎక్కడికి రమ్మంటాను? రమ్మంటే నేను దొరికిపోనూ? అయినా బంగారం అని నేను అనను."

"మీరు కాదని తెలుస్తూనే ఉంది. ఫోను వదిలేసి రమ్మంటే మీకున్న ఒక్క కన్నూ పోతుంది. పైగా ఛార్జింగ్‌లో పెట్టమన్నాడు, చుక్క ఇంటి మీదే వెలుగుతూ ఉండాలి కాబట్టి. మీరు ఆ చుక్కని నమ్ముకుంటారని తెలిసినవాడు." ఆమె శిష్యుడి వైపు తిరిగింది. "ఈ యాప్‌లోకి పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?"

"మాస్టారి దగ్గర."

"ఇంకా?"

"నా దగ్గర. నేనే పెట్టిచ్చాను కదా. కానీ నేను కాదు మేడమ్, ఒట్టు."

"ఇంకా?"

అతను పెదాలు తడుపుకున్నాడు. "పేరెంట్స్‌కి పాస్‌వర్డ్‌లు గుర్తుండవు మేడమ్. అస్తమానం ఫోన్ చేసి చంపుకుతింటారు. అందుకని అందరికీ ఒకటే పెట్టాను. మార్చుకోమంటాను, ఎవరూ మార్చుకోరు."

"అందరికీ అంటే?"

"నా కస్టమర్లందరికీ."

డిటెక్టివ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా గొంతు పెంచలేదు. "అంటే నీ దగ్గర యాప్ వేయించుకున్న ప్రతివాడూ, ప్రతి ఇంట్లో పిల్లనీ చూడొచ్చు. పిల్లలకి కాపలా పెట్టానని తలుపులన్నీ తీసిపెట్టావు. నీ లాప్‌టాప్ తియ్యి. ఈ పిల్లని ఇంకెవరు చూస్తున్నారో కనుక్కో. దొరికేదాకా తలెత్తకు."

అతను కిక్కురుమనకుండా నేల మీదే కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు.

ఒక్క ఆశ మిగిలింది. నిజంగా తల్లే ఎలాగో కనుక్కుని పిలిపించుకుందేమో. తమ్ముడి ద్వారా సంపాదించిన నెంబరుకి డిటెక్టివ్ తన ఫోన్లోంచి కాల్ చేసి స్పీకర్ పెట్టింది.

"హలో," అంది అవతలి గొంతు.

ఆ ఒక్క మాటకి మాస్టారు తలుపు దగ్గర్నుంచి ఫోను దగ్గరికి వచ్చాడు.

డిటెక్టివ్ నాలుగు ముక్కల్లో సంగతి చెప్పింది. అవతల ఏడుపు లేదు, కేక లేదు. ఊపిరి మాత్రం వినబడింది.

"నా దగ్గరికి రాలేదండీ. నేను ఫోను కొని పంపాను, అంతే. అందులో ఏమీ పెట్టలేదు. పెట్టడం తెలిసుంటే పెట్టేదాన్నేమో." తర్వాత అడిగింది, "నాకు రాసిందా? ఏం రాసింది?"

మాస్టారు చెయ్యి చాచాడు. డిటెక్టివ్ చిలక ఫోను అతని చేతిలో పెట్టింది. ఐదేళ్ళ తర్వాత భార్యతో అతను మాట్లాడిన మొదటి మాటలు అవే, కూతురి మాటలు.

"'అమ్మా, ఇవాళ ఫిజిక్స్ పరీక్ష,'" అని చదివాడు. "'అమ్మా, నాన్న వంట నేర్చుకున్నాడు, ఉప్పు మాత్రం ఇంకా రాలేదు. అమ్మా, నీ పొడుగు వచ్చేశాను అనుకుంటా, పక్కన నిలబడి చూస్తే గానీ తెలీదు.'"

"ఊఁ," అంది ఆవిడ. "ఇంకా?"

"'అమ్మా, అప్పుడు ఫోను విసిరికొట్టింది నీ మీద కోపంతో కాదు. నీ గొంతు వింటే...'" అతను ఆగిపోయాడు. మిగతా సగం కళ్ళకి కనబడటం లేదు.

అప్పుడు అతని చేతిలో ఫోను మోగింది. అలారం. చదివే ఊపులో ఉన్నాడు కాబట్టి, తెర మీద కొత్తగా వచ్చిన పేరు కూడా అదే గొంతుతో చదివేశాడు.

"'ఆపేశారేం? చదవండి. చిలక కూడా వింటోంది.'"

లాప్‌టాప్ ముందు యాప్ డాక్టర్ తెల్లబోయి తలెత్తాడు. పెదాలు మాత్రమే కదిలాయి: మైకు ఆన్‌లో ఉంది. తర్వాత ఒక వేలు చూపించాడు. తండ్రీ, తనూ కాక మూడో మనిషి ఇప్పుడు యాప్ లోపల ఉన్నాడు.

డిటెక్టివ్ నోటి మీద వేలు పెట్టుకుని, మాస్టారికి చదవమని సైగ చేసింది. వాడు వింటున్నంతసేపూ దారి తెరిచి ఉంటుంది. వాడు ఎక్కడున్నాడో పట్టుకోవాలంటే వాడికి వినబడుతూ ఉండాలి. మాస్టారు నోరు తెరిచేలోపే మాట స్పీకర్లోంచి వచ్చింది.

"చిలకా," అంది తల్లి. "జవాబులు రాసింది నేను కాదమ్మా. మీ నాన్న. నాకు చేతకాలేదు, ఆయనకి చేతనయింది. నిన్ను పిలిచింది నేనూ కాదు, ఆయనా కాదు. నువ్వు చెప్పినవన్నీ నేను ఇప్పుడే విన్నాను. నేను బయల్దేరుతున్నా తల్లీ. నువ్వు ఎక్కడున్నా వస్తా."

మాస్టారు ఫోను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. యాప్ డాక్టర్ వేళ్ళు మీటల మీద పరిగెడుతున్నాయి. ఈ గదిలో మాట అవతలికి వెళ్తుంది గానీ, అవతలి మాట ఇక్కడికి రాదు.

ఫోను మళ్ళీ మోగింది.

ఈసారి తెర మీద ఒకే ఒక్క మాట ఉంది. 'అమ్మా'. దాని తర్వాత సగం కొట్టిన అక్షరం ఒకటి, ఎవరో చెయ్యి లాగేసినట్టు.

"మేడమ్," అన్నాడు యాప్ డాక్టర్. "వాడు బయటికి వెళ్ళిపోయాడు. దారి మూసుకుపోయింది."

స్పీకర్లోంచి తల్లి అడుగుతూనే ఉంది. "ఏమైందండీ? ఏం రాసింది? నాకూ చదవండి."